ఇద్దరుంటేనే పితలాటకం

"మమ్మీ నహీఁ రహీఁ, దీదీ."

పొద్దున్నే ఫోన్ చేసి మా తెలుగు టీచరుగారి కొడుకు చెప్పింది ఆ ఒక్క మాటే. వస్తున్నానని హిందీలోనే చెప్పి ఫోన్ పెట్టేశాను. తర్వాత వంటింట్లో నిలబడి అదే కబురు తెలుగులో నాకు నేను చెప్పుకున్నాను. టీచరు పోయారు. ఇంట్లో ఎవరూ లేరు. మా ఆయన డ్యూటీకి వెళ్లాడు, పిల్లలు బడికి వెళ్లారు. ఉన్నా, తెలుగులో చెప్తే సగమే అర్థమయ్యేది వాళ్లకి.

మీలో ఎవరికీ ఆవిడ తెలిసి ఉండరు. పుస్తకాలు రాయలేదు, సభల్లో మాట్లాడలేదు. ఛత్తీస్‌గఢ్‌లో, భిలాయి సెక్టర్ 7లో మా బడిలో తెలుగు చెప్పారు. ఆ బడిలో తెలుగు చెప్పిన చివరి మనిషి ఆవిడే. చివరి విద్యార్థిని నేను.

ఇక్కడి తెలుగు పిల్లలందరిదీ ఒకటే కథ. అమ్మానాన్నలు శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో ఉక్కు ప్లాంటు కోసమో రైల్వే కోసమో వచ్చి ఉంటారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే హిందీ. బడిలో మూడో భాషగా తెలుగు ఉన్నా, సంస్కృతమైతే మార్కులొస్తాయని ఒక్కొక్కరే అటు వెళ్లిపోయారు. నేను ఏడో తరగతికి వచ్చేసరికి తెలుగు పీరియడ్‌లో నేనొక్కదాన్నే మిగిలాను. ఒక్క పిల్లకోసం గది ఎవరిస్తారు? డ్రాయింగ్ రూములో ఒక మూల బెంచీ వేశారు. ఆ పక్కన కుళాయి దగ్గర డ్రాయింగ్ సర్ బ్రష్షులు కడుక్కుంటూ ఉండేవారు. ఆయన దుర్గ్ దగ్గరి పల్లెటూరి మనిషి, ఛత్తీస్‌గఢీ ఆయన మాతృభాష. మేము ఏం చదువుతున్నామో ఆయనకు ఒక్క ముక్క తెలియదు. అయినా మా పాఠం నడుస్తున్నంతసేపూ కుళాయి సన్నగా తిప్పుకునేవారు, చప్పుడు కాకుండా.

ఆ రోజుల్లో మా నాన్నకీ చిన్నాన్నకీ ఊరి అంచున కోహ్కాలో కొన్న స్థలం మీద తగవు నడుస్తోంది. మా నాన్నకు హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో చిన్న షెడ్డు, యంత్రాలకు వేసే ఇత్తడి బుష్షులు తయారుచేసేవాడు. సాయంత్రం వచ్చి చెప్పులు విడుస్తూనే "ఏటీ పితలాటకం" అనేవాడు. మళ్లీ అన్నం ముందు కూర్చుని అదే మాట. ఒకరోజు ఆ మాటకు అర్థమేమిటని టీచర్‌ని అడిగాను.

ఆవిడ పుస్తకం మూశారు. ముందు నన్నే అడిగారు, చిక్కు అంటే ఏమిటని. నా జడ చూపించాను. గందరగోళం? మా క్లాసు అన్నాను. తికమక? లెక్కల పరీక్ష. ఆవిడ నవ్వి, "మరి మీ నాన్నగారి స్థలం గొడవ దువ్వెన పెడితే పోదు కదా. వేరే మాట కావాలి" అన్నారు.

ఆ మాట ఎక్కడ పుట్టిందో తనకు ఖాయంగా తెలియదని చెప్పి మరీ మొదలుపెట్టారు. పిత్తలం అంటే ఇత్తడి, హాటకం అంటే బంగారం. ఇత్తడిని బంగారమని ఎవరో ఎవరికో అంటగట్టారు. అది బయటపడింది. అమ్మినవాడు బంగారమే ఇచ్చానంటాడు, కొన్నవాడు ఇత్తడంటాడు, మధ్యలో తీర్పు చెప్పడానికి వచ్చినవాడు ఇంకో ముడి వేసి పోతాడు. ముందు మోసం అనే అర్థం ఉండి, పోను పోను ఎంతకీ తెమలని చిక్కు అనే అర్థం వచ్చిందని కొందరు చెప్తారట. "నిజమో కాదో. పెద్దయ్యాక జాతకం రాయించుకున్న మాటలు చాలా ఉంటాయి" అన్నారు. తెలియదని చెప్పడానికి ఆవిడ ఎప్పుడూ సిగ్గుపడలేదు. తెలియనిది తెలిసినట్టు చెప్పేవాళ్లను చూసి మాత్రం ఆవిడే సిగ్గుపడేవారు.

చివర్లో అన్న మాట ఒకటుంది. "ఒక్క మనిషికి వచ్చేది చిక్కు. ఇద్దరుంటేనే పితలాటకం."

ఆ శనివారం ఆవిడ మా నాన్న షెడ్డుకు వచ్చారు, ఇత్తడి చూస్తానని. డ్రాయింగ్ సర్ స్కూటరు మీద వెనక కూర్చుని వచ్చారు. వాళ్లిద్దరూ భార్యాభర్తలని నాకు ఆరోజే తెలిసింది. బడిలో ఒకరినొకరు సర్, మేడం అనుకునేవారు మరి. లేతు మిషను మీద తిరుగుతున్న ఇత్తడి నుంచి చుట్టలు చుట్టలుగా రజను లేస్తుంటే ఆవిడ వంగి ఒక చుట్ట తీసుకుని ఎండలో పెట్టి చూశారు. ఎవరైనా మోసపోతారు అన్నారు. మా నాన్న చేతులు తుడుచుకుంటూ, "సేతి సెమట తగిల్తే సాలండి, రెండ్రోజుల్లో రంగు సచ్చిపోద్ది" అన్నాడు. సర్ గుమ్మం బయటే నిలబడి ఆ మెరుపును చూస్తున్నారు. వాళ్లిద్దరూ వెళ్లిపోతుంటే మా అమ్మ నాతో మెల్లగా అంది, ఆవిడ పుట్టింటివాళ్లు ఆవిడతో మాట్లాడరని, ఈ పెళ్లి చేసుకుందని.

పదో తరగతి అయ్యాక నేను బడి మారాను. మరుసటి ఏడు తెలుగు తీసుకున్నవాళ్లు ఎవరూ లేరు. ఆవిడకు చిన్న తరగతుల హిందీ ఇచ్చారు. హిందీ ఆవిడకు బాగా వచ్చు. పిల్లలకు ఆవిడంటే ఇష్టం కూడా. కానీ చాలా ఏళ్ల తర్వాత నాతో అన్నారు, రోజంతా ఇంకొకళ్ల కట్టుడుపళ్లు పెట్టుకుని నమిలినట్టుండేదని.

పెళ్లయ్యాక నా కాపురం కోహ్కాలోనే. ఆవిడ, సర్ ఇద్దరూ రిటైరై అక్కడే ఇల్లు కట్టుకున్నారు, మా ఇంటికి రెండు వీధుల అవతల. వీలైన మధ్యాహ్నాలు వెళ్లేదాన్ని. నేను వెళ్లగానే టీవీ కట్టేసి, కుర్చీ నా ఎదురుగా లాక్కుని, "ఊఁ, మాట్లాడు" అనేవారు. ఫలానా సంగతని ఏమీ అక్కర్లేదు. టమాటాల ధర చాలు, మా అత్తగారి మోకాళ్లు చాలు. మధ్యలో నా నోట హిందీ మాట దొర్లితే దిద్దేవారు కాదు, చేయి గడ్డం కింద పెట్టుకుని ఆగేవారు. నాకు తెలుగు మాట దొరికేదాకా అలాగే ఆగేవారు. దొరికితే తలాడించి, మళ్లీ వినేవారు. ఆవిడ తెలుగు వినడం కోసమే నన్ను రమ్మనేవారని తర్వాత తర్వాత తెలిసింది.

ఇంత తెలుగున్న మనిషి సొంత కొడుక్కి ఎందుకు నేర్పలేదని ఒకసారి అడిగాను. అత్తగారు బతికుండగా ఇంట్లో తెలుగు వద్దన్నదట. తల్లీకొడుకులు తనకు తెలియని భాషలో తన గురించే చెప్పుకుంటారని ఆ ముసలావిడ భయం. "పాపం, ఆవిడ భయం ఆవిడిది. సరే అన్నాను" అన్నారు. అత్తగారు పోయేనాటికి కొడుకు కాలేజీకి వచ్చేశాడు. లేచి వెళ్లి ఆరేసిన వడియాలు తిరగేశారు.

కిందటి వానాకాలం ఆవిడకు మెదడులో రక్తం గడ్డకట్టింది. ఆసుపత్రి నుంచి కొడుకు ఫోన్ చేశాడు. మమ్మీకి తెలివొచ్చింది గాని ఏదేదో మాట్లాడుతోందని, ఎవరికీ అర్థం కావడం లేదని, పిచ్చిమాటలేమో అని నర్సు అంటోందని చెప్పాడు. నేను వెళ్లేసరికి మంచం చుట్టూ అందరూ నిలబడి ఉన్నారు. ఆవిడ నన్ను చూసి చాలా స్పష్టంగా అన్నారు.

"కాళ్లు సల్లగున్నాయే గుంటా. ఎప్పుట్నుంచో సెప్తన్నాను, దుప్పటి కప్పరేటి?"

దుప్పటి కాళ్ల దగ్గరే మడత పెట్టి ఉంది. కప్పాను. కొడుకు గోడవైపు తిరిగిపోయాడు.

కొందరికి ఇలా అవుతుందని డాక్టరు చెప్పాడు. తర్వాత నేర్చుకున్న భాష పోయి, మొదటి భాష మిగులుతుంది. పోయింది మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు. ఆవిడకు రాలేదు. మేము హిందీ మాట్లాడితే, దూరంగా ఎవరో ఎవరితోనో మాట్లాడుకుంటున్నట్టుందని ఆవిడ నాతో అన్నారు. నన్ను ఇంకా ఆశ్చర్యపరిచింది ఆ తెలుగు. బడిలో ఆవిడ మాట్లాడిన తెలుగు కాదది. ఏమిటి అని రాయమని నాకు నేర్పిన మనిషి ఇప్పుడు ఏటి అంటున్నారు. అమ్మాయ్ అని పిలిచే మనిషి గుంటా అంటున్నారు. చదువుకున్న తెలుగు కూడా పోయి, పార్వతీపురం దగ్గరి వాళ్ల ఊళ్లో, వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న మాటలు మిగిలాయి.

ఆవిడను ఇంటికి తెచ్చాక రోజూ సాయంత్రం వెళ్లి కూర్చునేదాన్ని. ఆవిడ చెప్పింది సర్‌కి హిందీలో చెప్పడం, సర్ చెప్పింది ఆవిడకు తెలుగులో చెప్పడం. జీవితమంతా కలిసి బతికిన ఇద్దరి మధ్య నేను. ఒక్కోసారి ఆయన అడిగింది తిరిగి చెప్పడానికి నాకు సిగ్గు వేసేది, మామూలు మాటలే అయినా. నేను లేని వేళల్లో ఆయన బొమ్మలు గీసేవారు. గ్లాసు గీసి చూపిస్తే మంచినీళ్లు కావాలా అని. దిండు, కిటికీ, మందు సీసా. ఆవిడ తలాడిస్తే అది తెచ్చేవారు. చాలావరకు అలా గడిచిపోయేది.

ఒకరోజు మధ్యాహ్నం సర్ ఫోన్ చేశారు. పొద్దుటి నుంచీ ఆవిడ ఒకే మాట అంటోందని, తనవైపు ఆయనవైపు వేలు చూపించి మరీ అంటోందని, దాన్ని ఎలా గీయాలో తెలియడం లేదని చెప్పారు. ఆ మాట ముక్కలు ముక్కలుగా పలికారు. పీతల్... ఆటకమ్. అందులో పీతల్ అని ఆయనకు వినిపించింది. హిందీలో ఇత్తడిని అదే అంటారు. "ముఝే పీతల్ క్యోఁ బోల్ రహీ హై?" అని అడిగారు, నన్ను ఇత్తడని ఎందుకంటోంది అని.

కాదు సర్, అది మీ గోరఖ్‌ధంధా లాంటి మాట, తెమలని చిక్కు అని నవ్వుతూ చెప్పాను. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఆ మాట పుట్టుక కథ కూడా చెప్పాను, ఇత్తడినీ బంగారాన్నీ. ఆయన విని, సరే బేటీ అని పెట్టేశారు.

సాయంత్రం వెళ్లేసరికి ఆయన వరండాలో కూర్చుని ఉన్నారు. బొమ్మల కాగితాలు, రంగు పెన్సిళ్లు ఏవీ కనిపించలేదు. ఆవిడ లోపల నిద్రపోతున్నారు. ఆయన నావైపు చూడకుండా చాలాసేపు మాట్లాడారు. ఆవిడను వాళ్ల మనుషుల దగ్గర్నుంచి తీసుకొచ్చింది తానే. తన అమ్మ ఆవిడ నోరు కట్టేస్తుంటే ఊరుకున్నది తానే. ఆవిడ అమ్మగారు పోయినప్పుడు కబురే రాలేదు, ఆర్నెల్ల తర్వాత ఎవరి ద్వారానో తెలిసింది. ఆరోజు కూడా ఆవిడ హిందీలోనే ఏడ్చింది. "బంగారమని చెప్పే తెచ్చాను. ఇత్తడినే కదా నేను. ఇన్నాళ్లూ హిందీలో ఆ మాట అనలేకపోయి ఉంటుంది" అన్నారు.

లోపలికి వెళ్లి ఆవిడ లేచేదాకా కూర్చున్నాను. లేచాక అడిగాను, ఏటి పితలాటకం టీచర్ అని. ఆవిడ ఆలోచించి, మాట మాటకీ ఆగి చెప్పారు.

"నానొకటి అంతాను. ఆయనికి ఇంకోటి ఇనపడతాది. ఆయన బొమ్మేస్తారు, నాకది ఇంకోలాగ అవుపడతాది. దుప్పటి అడిగితే తలుపేసినారు. ఆయన తప్పేటి కాదు, నా తప్పూ కాదు." తలుపువైపు చూసి అన్నారు, "ఆయన్లేపోతే నాకిది వొట్టి చిక్కే గుంటా. ఎవులికి సెప్పుకుందును?"

సర్ గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఒక్క మాటా వదలకుండా హిందీలో చెప్పాను. ఆయన వచ్చి మంచం పక్కన కూర్చున్నారు. తర్వాత ఒక కాగితం తీసుకుని ఇనుప చువ్వలూ కడియాలూ ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న వస్తువొకటి గీశారు. ఆయన చిన్నప్పుడు ఊళ్లోకి గోరఖ్‌పంథీ జోగులు వచ్చేవారట. వాళ్ల చేతిలో అలాంటిది ఉండేది. అందులోంచి దారమో గవ్వో బయటికి తీయమని పిల్లలకిచ్చేవారు. కిటుకు తెలిసినవాడికి తప్ప ఎవరికీ వచ్చేది కాదు. గోరఖ్‌ధంధా అనే మాట దాన్నుంచే వచ్చిందని వాళ్ల నాన్న చెప్పేవాడట. ఇదంతా నేను తెలుగులో చెప్తుంటే ఆవిడ బొమ్మ మీద వేలు పెట్టి చువ్వల వెంట నడిపించారు. ఒకచోట వేలు ఆగిపోయింది. మంచం పట్టాక ఆవిడ నవ్వడం అప్పుడే చూశాను.

వచ్చేస్తుంటే సర్ నన్ను ఆపి, తనకు తెలుగు నేర్పమని ఆవిడను అడగమన్నారు. అడిగాను. ఆవిడ ఆయనను తేరిపార చూసి, "మార్కులు రావని సెప్పు" అన్నారు.

అలా ఆవిడకు మళ్లీ ఒక్క విద్యార్థి దొరికాడు. వస్తువు చూపించి ఆవిడ పేరు చెప్పడం, ఆయన బొమ్మ గీసి కింద నాగరి లిపిలో ఆ మాట రాసి గోడకు అంటించడం. వంటింటి గోడంతా నిండిపోయింది. ఆయన నేర్చుకుంది శ్రీకాకుళం, విజయనగరం పల్లెల తెలుగు. "సల్లగుందేటి?" అనేవారు, "బువ్వెట్టనా?" అనేవారు, ఛత్తీస్‌గఢీ యాసలో. ళకారం ఆయన నోట ఎన్నడూ పలకలేదు. ఆవిడ మాత్రం ప్రతిసారీ మళ్లీ అనమనేవారు. నేను వెళ్లడం క్రమంగా తగ్గించాను. వాళ్లకు నా అవసరం తగ్గింది. సంతోషించాల్సిన సంగతే. ఇంటికి నడిచి వస్తుంటే మాత్రం ఆ సాయంత్రాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

చలికాలం మొదట్లో ఆవిడకు జ్వరం వచ్చింది, ఊపిరితిత్తులకు పట్టింది. చివరి వారం ఆవిడ వాళ్లమ్మను పిలుస్తూ ఉండేవారు. అమ్మ ఇంకా రాలేదేటి అని అడిగేవారు. సర్ నావైపు తిరిగి అర్థం అడగలేదు. ఆవిడ చేయి పట్టుకుని, వస్తాది, వస్తాది అన్నారు, తెలుగులోనే.

అస్థికలు కలపడానికి శివనాథ్ నదికి వెళ్లారు. మామూలుగా ఆడవాళ్లం వెళ్లం. సర్ నన్ను రమ్మన్నారని కొడుకు వచ్చి కారెక్కించుకున్నాడు. దారిలో వాడు ఒక్కసారే మాట్లాడాడు. నాకెందుకు నేర్పలేదు దీదీ అని అడిగాడు. నాకు తెలిసిన కారణం చెప్పాను. వాడు తలూపి కిటికీ అద్దం దించాడు.

పంతులు మంత్రాలు చదివాడు. కొడుకు కుండ వంచాడు. బంధువులు ఒడ్డున చెట్టునీడకు వెళ్లి, ఎవరు ఏ కారులో వెళ్లాలో మాట్లాడుకుంటున్నారు. సర్ మాత్రం పంచె తడుపుకుంటూ ఇంకొంచెం లోపలికి వెళ్లి, మోకాలిలోతు నీళ్లలో ఆగారు. నీళ్లు నెమ్మదిగా ఉన్నాయి. బూడిద వెంటనే కదల్లేదు, ఆయన చుట్టూ పలచగా పరుచుకుని నిలిచింది. దానివైపు వంగి ఆయన ఏదో అన్నారు. చుట్టాల్లో ఎవరో ఏమన్నారని అడిగారు. వాళ్లలో ఎవరికీ అర్థం కాలేదు.

"ఎల్లిరా" అన్నారు. ఒక్కో అక్షరం విడదీసి, నోరంతా తెరిచి, ళకారం కోసం వెతుక్కుంటూ మళ్లీ అన్నారు. బూడిద ఆయన కాళ్లు దాటి ప్రవాహంలోకి మళ్లింది. తర్వాత కూడా ఆయన అక్కడే, ఎవరో ఇంకా బదులు చెప్పాల్సి ఉన్నట్టు, తల ఒక పక్కకు వంచి నిలబడి ఉన్నారు.